నలుపు తేలని గుడ్డ

నవంబరు ఇరవై ఒకటి, గురువారం. తెల్లవారుజాము నుంచి ముసురు. ఆడవాళ్ల వార్డు పైకప్పు మీద జారిన పెంకులు సర్దాను.

ఆ రోజు నా పనుల పుస్తకంలో ఇంతవరకే ఉంది. నేను నిచ్చెన దిగకముందే బడి జవాను గోనెసంచి తలమీద కప్పుకుని వచ్చి కింద నిలబడ్డాడు. డ్రాయింగు అయ్యవారు తెల్లవారేసరికి పోయినారని చెప్పాడు. నా చేతిలో ఒక పెంకు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

పాదిరి అయ్యగారు సంఘం పత్రికకు ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను బడికి పోయి చదువుకున్నవాణ్ణి కాను. మిషను ఆసుపత్రిలో మరమ్మతు పనులు చేస్తాను. ఏ రోజు ఏ పని చేశానో డాక్టరు దొరసానమ్మకు చూపించాలి గనక కూడబలుక్కుని రాయడం నేర్చుకున్నాను. తేదీ, వాన, ఎండ, చేసిన పని. అంతకు మించి రాసిన అలవాటు లేదు. చదివేవాళ్లలో చాలామంది ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్లు. మీకు తెలిసింది బడిలో అయ్యవారు. నాకు తెలిసినాయన ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి మా ఆసుపత్రి వెనక గదికి వచ్చినాయన.

ఆ వెనక గది మతి చలించిన ఆడవాళ్లకోసం కట్టింది. కిటికీకి ఊచలు ఉంటాయి. అందులో నా భార్య ఉంది.

ఆమె అక్కడికి ఎట్లా వచ్చిందో చెప్పకుండా ఆయన సంగతి చెప్పలేను. యుద్ధం రోజుల్లో ఒక ఎండాకాలం మా అబ్బాయికి వాంతులు పట్టుకున్నాయి. మూడేళ్లవాడు. నేను ఆసుపత్రి బావిలో దిగి పూడిక తీస్తున్నాను. నా భార్య వాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రి వసారాకు వచ్చింది. ఆ పూటే బంగళాలో దొరగారి పాపకు జ్వరం వస్తే దొరసానమ్మ అక్కడికి వెళ్లింది. కూర్చోమన్నారు, కూర్చుంది. ఆమె కూర్చున్న బల్లకు ఎదురుగా గోడమీద ఒక పెద్ద పటం ఉంది. దొరల సీమనుంచి వచ్చిన పటం. ప్రభువు ఒక రాతిమీద కూర్చుని ఉంటాడు, చుట్టూ పిల్లలు. ఆయన జుట్టు తేనె రంగు, కళ్లు నీలం. పిల్లలందరూ ఎర్రగా, పచ్చగా ఉంటారు. దొరసానమ్మ తిరిగి వచ్చేసరికి మావాడు ఒళ్లోనే చల్లబడి ఉన్నాడు.

బంగళా పాప రెండు రోజుల్లో లేచి ఆడుకుంది. ఆ బిడ్డ బాగుపడినందుకు నేను ఏ రోజూ కష్టపెట్టుకోలేదు. దొరసానమ్మ కూడా చాలాకాలం మా మొహం చూడలేకపోయింది. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. జరిగిన వరస ఇది.

ఆ తర్వాత నా భార్య ఇంటికి వచ్చిన ప్రతి మనిషినీ ఒకే మాట అడిగేది. "ఆ పటంలో మా బిడ్డ యాడుండాడు?" పరలోకంలో ఉన్నాడని అందరూ చెప్పేవాళ్లు. ఆమె అడిగింది పరలోకం గురించి కాదు. విశ్వాసం చాలదని ఒకరు, దయ్యం అని ఒకరు అన్నారు. ఆమె పుట్టింటివాళ్లు తీసుకుపోయి వేపమండలతో కొట్టించి, వీపు నిండా చారలతో తెచ్చి దించారు. ఒకరోజు సంఘంలో ఒక ముసలమ్మ, మంచి మనసుతోనే, బిడ్డ ప్రభువు దగ్గర కడగబడి మంచు మాదిరి తెల్లగా ఉంటాడని ఓదార్చింది. నా భార్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తెల్లగా ఉంటే నేనెట్ల గుర్తుపట్టేదమ్మా వాణ్ణి?"

ఆ రోజునుంచి అన్నం ముట్టలేదు. నాలుగో రోజు నేనే ఎత్తుకుపోయి వెనక గదిలో పెట్టాను. దొరసానమ్మ నిద్రమందు ఇచ్చేది. లేచినప్పుడు అదే ప్రశ్న. ఇట్లాగే ఉంటే మద్రాసు పిచ్చాసుపత్రికి పంపాలని దొరసానమ్మ చెప్పింది. ఈ ఆసుపత్రినుంచి అంతకుముందు ఇద్దరిని మద్రాసు పంపారు. వాళ్లు తిరిగి రాలేదు. నాకు ఉన్న భయమంతా ఆ ఒక్కటే.

అప్పుడు అయ్యవారు వచ్చారు. ఆయనను ఎవరూ పిలవలేదు. బడికి నిచ్చెన కావాలని అడగడానికి వచ్చి, గది ముందునుంచి పోతూ ఉంటే కిటికీలోంచి నా భార్య అడిగింది, పటంలో మా బిడ్డ ఎక్కడని. ఆయన నిలబడ్డారు. ఆయనకు ఎడమ చెవి వినపడదు. కుడి చెవి కిటికీకి ఆనించి మళ్లీ అడగమన్నారు. విన్నారు. వసారాలోకి పోయి ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఒక్కొక్క పిల్లవాడి మొహం దగ్గరికి వంగి చూశారు. తిరిగి వచ్చారు.

"లేడమ్మా. నేను బాగా సూసి వచ్చినాను. ఆ పటంలో నీ బిడ్డ లేడు."

అంతకాలంలో ఆమెకు నిజం చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆమె ఆయనకేసి చూసింది. ఊచలు పట్టుకున్న చేతులు దింపింది. ఆ పూట ఎవరూ బతిమాలకుండానే గంజి తాగింది.

మరుసటి గురువారం ఆయన చింతపుల్లలు కాల్చిన బొగ్గులు, ఒక గుడ్డముక్క తెచ్చారు. రోగిని ఎట్లా ఉన్నావని ఆయన ఎప్పుడూ అడగరు. చాపమీద కూర్చుని తన గుడ్డమీద తాను గీసుకుంటూ ఉంటారు. అరగంట తర్వాత బొగ్గుముక్కను చాపమీద, ఆమెకు అందేలా పెడతారు. చేతికి ఇవ్వరు. ఎందుకని నేను అడిగితే, ఇస్తే తీసుకోవాల్సి వస్తుందని, కింద పెడితే వాళ్ల ఇష్టమని చెప్పారు. పోయేముందు ఒక ప్రార్థన. మన సంఘంలో ప్రార్థనలు ఎంత పొడుగో మీకు తెలుసు. ఆయనది ఒక్క ముక్క.

"ప్రభువా, మేము ఈడుండాము."

అంతే. ఏమీ అడిగేవారు కాదు.

నా భార్య ముగ్గులు తప్ప ఏమీ వేసి ఎరగదు. ఎన్ని వారాల తర్వాతో బొగ్గు తీసుకుని చిన్న పాదం ఒకటి వేసింది. ఆపైన చాలా వారాలు పాదాలే. తర్వాత మోకాళ్లు, మొలతాడు, మొలతాడుకు కట్టిన తాయెత్తు. ఆ తాయెత్తు మా అత్త పాదిరికి తెలియకుండా కట్టింది. అయ్యవారు దాన్ని చూసి నవ్వి, ఎవరికీ చెప్పనన్నారు. ఆ వారమే ఆమె నన్ను, మన ఇల్లు కురుస్తా ఉండాదా అని అడిగింది. మూడేళ్లలో ఇంటి సంగతి అడగడం అదే మొదలు.

బొగ్గు తర్వాత ఆయన నలుపు నేర్పారు. ఆయన కాళహస్తి వైపు మాలపల్లెలో పుట్టినాయన. అక్కడ గుడ్డలమీద బొమ్మలు రాసేవాళ్ల పని ఆయనకు తెలుసు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి కుండలో మూడు వారాలు ఊరబెడతారు. ఆ నీళ్లు చూడడానికి నీళ్లు ఎక్కువైన కాఫీ మాదిరి పల్చగా ఉంటాయి. గుడ్డను ముందే కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. అది పసుపు పచ్చగా, కొంచెం పులిసిన వాసనతో ఉంటుంది. వెదురుపుల్ల కలాన్ని ఆ ఇనుపనీళ్లలో ముంచి గుడ్డమీద పెడితే, ఒక్క ఊపిరి తీసేంతలో గీత నల్లబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నా భార్య కలం వదిలేసింది.

"పైన పూసే నలుపు కాదమ్మా ఇది. గుడ్డలో ఉండేదే పైకి వస్తాది," అన్నారు.

పోయిన ఏడు క్రిస్మసుకు ముందు ఆయన పెద్ద గుడ్డ ఒకటి తయారుచేశారు. ప్రభువూ పిల్లలూ, వసారాలో పటం మాదిరే, కానీ పిల్లలు మన పల్లె పిల్లలు. క్రిస్మసునాడు గుడిలో వేలాడదీయాలని. పిల్లల్లో మధ్య బిడ్డను నా భార్య వేయాలి. అది పూర్తయితే ఆమెను ఇంటికి తీసుకుపోవచ్చునని దొరసానమ్మ నాతో చెప్పింది. మద్రాసు మాట పోయింది. నేను ఇల్లంతా అలికి సున్నం కొట్టాను.

ఆ సంగతి తెలిసి సంఘపెద్ద ఒకాయన, మామిడితోపులు గుత్తకు పట్టే ఆయన, అయ్యవారిని గుడి ముందర ఆపాడు. నేను పక్కనే ఉన్నాను.

"ప్రభువును నల్లగా గీస్తా ఉండావంట. బంగళావోళ్లు సూస్తే ఏమనుకుంటారప్పా?"

"ఆయన మొకం ఇంకా గీయలేదు. ఖాళీగా పెట్టినాను. నువ్వు సూసినావా ఆయన ఎట్లుంటాడో?"

"నీ మాదిరి నా మాదిరి మాత్రం ఉండడు."

"నీ మాదిరి గీస్తే గుడికి ఎవురూ రారులే. భయపడొద్దు."

అక్కడున్నవాళ్లు నవ్వారు. సంఘపెద్ద కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. బంగళావాళ్లు ఏమనుకుంటారన్న మాట నా మనసులో పడింది. మాలో పిల్లను చూడబోయినా రంగు ముందు అడుగుతాం. బిడ్డ పుడితే చెవి వెనక చర్మం చూసి రంగు చెప్తాం. నేనూ అందులోవాణ్ణే. ఆ గుడ్డ ప్రభువు పటానికి తగినట్టు లేదని, పచ్చగా, పులిసిన కంపుతో ఉందని, దొరలు వచ్చి కూర్చునే చోట అది వేలాడితే నా భార్య పనికి మాట వస్తుందని అనుకున్నాను.

గుడ్డ నా సామాన్ల గదిలోనే ఆరుతోంది. బుధవారం నేను దాన్ని తీసుకుపోయి చాకళ్లు వాడే సౌడుమట్టితో ఉడకబెట్టి, బండమీద ఉతికి, గంజి పెట్టి ఆరేశాను. అయ్యవారు గీసిన నల్లగీతలు పోలేదు, గుడ్డ మాత్రం కొంగ మాదిరి తెల్లగా వచ్చింది. ఆ రోజు నా పుస్తకంలో 'ఎండ బాగా ఉంది, గుడ్డ ఉతికాను' అని ఉంది. ఆ పని చేస్తున్నంతసేపూ నేను సంతోషంగా ఉన్నాను. అది కూడా రాయాలి.

గురువారం బడిలో పరీక్షలు ఉండి అయ్యవారు ఆలస్యమయ్యారు. నా భార్య ఆగలేకపోయింది. తల దువ్వుకుని కూర్చుని, గుడ్డ పరచమని నన్ను అడిగింది. పరిచాను. తెల్లగా ఉందేమని అడిగితే, పండక్కి కదా అన్నాను. ఆమె కలం ముంచి బిడ్డ నుదుటి గీత గీసింది. ఊపిరి బిగబట్టి చూసింది. నలుపు రాలేదు. తడి మరక, ఆరుతూ ఉంటే లేత పసుపు. మళ్లీ ముంచింది. మూడోసారి కళ్లు, జుట్టు అన్నీ ఒకేసారి వేసింది. బిడ్డ ఉన్నచోట తుప్పు కారిన గోడ మాదిరి మరక మిగిలింది. ఆమె కలం చాపమీద పెట్టింది.

"ఈడ కూడా రానీలేదు వాణ్ణి."

ఆ మాట తర్వాత ఆమె నోట ఇంతవరకు మాట లేదు.

అయ్యవారు వచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి ఉంది. ఆయన గుడ్డను చూశారు. అంచు ఎత్తి వాసన చూశారు. ఏటి ఇసకలో ఆరేసిన గుడ్డల మధ్య పెరిగిన మనిషికి సౌడు వాసన తెలియకుండా ఉంటుందా. తల ఎత్తి నన్ను ఒక్కసారి చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన పోయి ఆమె ముందు చాపమీద కూర్చున్నారు.

"తప్పు నాదమ్మా. కరక్కాయ పాతది. సూసుకోకుండా వేసినాను. గుడ్డ తప్పు కాదు, నీ చెయ్యి తప్పు కాదు, ఆ బిడ్డ తప్పు కాదు. నాది."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. అనలేదు.

క్రిస్మసుకు గుడిలో ఆ గుడ్డకు బదులు రంగుకాగితాలు కట్టారు. అయ్యవారు మరుసటి గురువారం మళ్లీ కరక్కాయ గుడ్డ తెచ్చారు. ఆ పైవారం కూడా. ఏడాదిపాటు తప్పలేదు. గొడుగు మడిచి దారంతో కట్టి గుమ్మం దగ్గర పెట్టేవారు, చాపమీద కూర్చునేవారు, ఆమె వీపువైపు చూడకుండా తన గీతలు తాను గీసుకునేవారు. అరగంటకు కలం కింద పెట్టేవారు. గంట కొట్టాక తీసుకుని వెళ్లేవారు. ఆయన వస్తున్నంతకాలం మద్రాసు మాట ఎత్తనని దొరసానమ్మ అన్నది. దొరసానమ్మ కూడా ఆ గుడ్డమీదే ఆశ పెట్టుకుంది.

ఒక గురువారం ఆయనను గేటుదాకా సాగనంపుతూ ఉంటే, అడగకుండానే తన ఎడమ చెవి సంగతి చెప్పారు. పదేళ్ల వయసులో ఏటి ఇసకలో ఆరేసిన గుడ్డమీద దేవుడి బొమ్మ కన్ను చూసి ఆశపడి వేలితో ముట్టుకున్నారట. మాలపిల్లవాడు ముట్టుకున్నాడని గుడ్డ యజమాని కట్టెతో కొట్టాడు. చెవి పోయింది. ఏడాదిన్నర మాట కూడా పోయింది. పిచ్చివాడని ఇంట్లో గుంజకు కట్టేశారు.

"నన్ను కొట్టినాయనే తరవాత పిలిచి కలం పట్టేది నేర్పినాడప్పా. ఇంటెనక దొడ్లో, ఎవురికీ కనపడకుండా. ఎందుకు నేర్పినాడో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఆయన చెప్పింటే బాగుండునని మాత్రం ఇప్పటికీ అనిపిస్తాది."

ఆ మాట నాకోసం చెప్పారని నాకు తెలుసు. గేటు దగ్గర ఆయన కాసేపు ఆగారు కూడా. నేను గేటు గొళ్లెం వదులైందని, రేపు బిగిస్తానని అన్నాను. ఆయన సరే అప్పా అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

ఈ కార్తెలో వానలు పట్టాక దగ్గు మొదలైంది. రెండు గురువారాలు జ్వరంతోనే వచ్చారు. మూడో గురువారం జవాను వచ్చాడు.

శవపెట్టె నేనే చేశాను. ఆయనకు ముందూ వెనకా ఎవరూ లేరు. బడి పిల్లలు స్నానం చేయించారు. వేళ్ల చివర ఇనుపనీళ్ల నలుపు అట్లాగే ఉంది. సంఘపెద్ద వచ్చి ఆ వేళ్లమీద తెల్లగుడ్డ కప్పబోయి, ఏమనుకున్నాడో, కప్పకుండా పక్కన పెట్టాడు. మూడున్నరకు మట్టి వేశాం.

నేను కాళ్లు కూడా కడుక్కోకుండా వెనక గదికి వచ్చాను. నాలుగు దాటింది. నా భార్య గోడవైపే తిరిగి ఉంది. కానీ చాపమీద ఒక పక్కకు జరిగి కూర్చుంది. ఆయన కూర్చునే చోటు వదిలిపెట్టి. ఏడాదినుంచి ప్రతి గురువారం అట్లాగే జరుగుతోందేమో, ఆయన అందులో కూర్చోవడం వల్ల నాకు కనిపించలేదేమో తెలియదు.

నేను ఆ చోట కూర్చోలేదు. నేలమీద కూర్చుని, అయ్యవారు పోయినారని చెప్పాను. తర్వాత రెండో మాట చెప్పాను.

"కరక్కాయ పాతది కాదు. గుడ్డ నేను ఉతికినాను. తెల్లగా ఉంటే బాగుంటాదని నేనే ఉతికినాను."

 తర్వాత ఆమె ఇటు తిరిగింది. నా మొహం చూడలేదు. నా కుడిచెయ్యి తీసుకుని అరచెయ్యి విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. సమాధి మట్టి, కొయ్యపొట్టు తప్ప ఆ చేతికి ఏ వాసన ఉంటుంది. అయినా పసిబిడ్డ తల వాసన చూసినట్టు కళ్లు మూసుకుని చూసింది. ఆ చేతిని జాగ్రత్తగా నా మోకాలిమీద పెట్టింది. మళ్లీ గోడవైపు తిరిగింది.

దొరసానమ్మ మద్రాసుకు జాబు రాసింది. కొత్త సంవత్సరం రాగానే తీసుకురమ్మని జవాబు వచ్చింది. నేను తోడు వెళ్లవచ్చు, దింపి రావచ్చు. ఆ మాట నా భార్యకు చెప్పాను. విన్నదో లేదో తెలియదు.

అయ్యవారి గురించి మంచిమాట ఒకటి రాసి ముగించమని పాదిరి అయ్యగారు చెప్పారు. ఆయన నా తప్పు తనమీద వేసుకున్నారు, ఏడాదిపాటు దాన్ని మోస్తూ ప్రతి వారం నా గుమ్మానికి వచ్చారు, నన్ను ఒక్క మాట అనలేదు. నేను చెప్పడానికి ఆయన గేటు దగ్గర చోటు కూడా ఇచ్చారు. అంతకంటే మంచిమాట నాకు తెలియదు. నేను చెప్పవలసిన మనిషి వినకుండా పోయాడు గనక మీకు చెప్తున్నాను.

ఈ రోజు డిసెంబరు మూడు, మంగళవారం. పొద్దున కాస్త ఎండ. ఆయన గదిలో మిగిలిన కరక్కాయలు తెచ్చి దంచాను. గేదెపాలు పోసి కలిపాను. పాళ్లు నాకు తెలియవు, చూసినంతలో వేశాను. ఒక గజం గుడ్డ ముంచి పిండి, వెనక గది కిటికీకి ఎదురుగా దండెంమీద వేశాను. పచ్చగానే ఉంది. వాసన కూడా అదే. ఈగలు ముసురుతున్నాయి. దీనిమీద గీసే చెయ్యి ఉంటుందని కాదు. గుడ్డ ఆరేదాకా ఇక్కడే మెట్టుమీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఊచల వెనక ఆమె వీపు కనిపిస్తోంది. తూర్పున మబ్బు పట్టింది. ఇప్పుడే కాగితం మీద రెండు చినుకులు పడ్డాయి. ఆరకముందు తడిస్తే కరక్కాయ కారిపోతుంది. గుడ్డ తీసి లోపల వేయాలి.